జూన్‌లో ఆగిన ఫైలు

మీటింగు పదకొండింటికి. మాస్టారు తొమ్మిదిన్నరకే కాలేజీ వెనక గేటు దగ్గర కారు దిగిపోయారు. వస్తున్నట్టు ప్రిన్సిపాల్‌కి అప్పుడే కబురు పెట్టొద్దని పేషీ కార్యదర్శికి గట్టిగా చెప్పారు. దండలూ, దుశ్శాలువలూ, ఎండలో వరసగా నిలబెట్టిన పిల్లలూ, ఆ హడావిడి పదకొండు తర్వాత ఎలాగూ తప్పదు. ఈ గంటన్నర మాత్రం తన సొంతం.

"గన్‌మ్యాన్ అయినా వెంట ఉండాలి కదా సార్," అన్నాడు కార్యదర్శి. ఇప్పటికి ఏడుగురు మంత్రుల దగ్గర పనిచేసినవాడు. ఏ మంత్రి ఎక్కడ జారిపడతాడో ముందే పసిగట్టగలనని అతని నమ్మకం.

"ఉండనీ. పదడుగులు వెనక. ఇక్కడ నన్ను కొట్టాలనిపించినవాళ్ళంతా ఎప్పుడో పాసై వెళ్ళిపోయారులే."

రాత్రి వాన పడినట్టుంది. వరండా గచ్చు ఇంకా చెమ్మగా ఉంది. సుద్ద పొడి, తడిసిన కాగితం, ఫినాయిలు కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే మాస్టారి నడక మారిపోయింది. మూడేళ్ళ విద్యాశాఖ మంత్రిగిరీలో పక్కవాళ్ళతో సమానంగా అడుగు వేయడం అలవాటైంది. ఇక్కడ మాత్రం కాళ్ళు వాటంతట అవే తొందరపడ్డాయి, క్లాసుకు రెండు నిమిషాలు ఆలస్యమైనట్టు. ఇరవై ఆరేళ్ళు ఎక్కిన మెట్లు. మలుపులో తల కొంచెం వంచాలి, దూలం కిందికి ఉంటుంది. ఆలోచించకుండానే వంచారు.

రాజనీతిశాస్త్ర విభాగం గది తలుపు తీసే ఉంది. లోపల అటెండరు స్టూలు మీద నిలబడి, గోడ మీద విభాగం యాభై ఏళ్ళ వేడుక బట్ట కడుతున్నాడు. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. కాలేజీలో గంట కొట్టేది అతనే కాబట్టి అందరికీ గంటాయనే. మాస్టార్ని చూసి మేకు నోట్లో పెట్టుకునే దణ్ణం పెట్టబోయి, స్టూలు ఊగి, గోడ పట్టుకున్నాడు.

"దిగవయ్యా బాబూ. నువ్వు పడితే నేను పడేశానని రాస్తారు రేపు."

గంటాయన దిగి, పై తుండుతో కుర్చీ తుడిచాడు. మాస్టారు కూర్చోలేదు. గదంతా ఒకసారి చుట్టి వచ్చారు. బీరువా అద్దానికి పగులు అలాగే ఉంది, పైన అంటించిన కాగితం మాత్రం కొత్తది. కిటికీ పక్క మేజా తనది. ఇక్కడే పరీక్ష పేపర్లు దిద్దేవారు, పరిశోధన విద్యార్థుల అధ్యాయాలు చదివేవారు. ఏ ప్రశ్న అడిగినా ఒకవైపు ఇలా, మరోవైపు అలా అని రెండు పక్షాలూ చెప్పేవరకూ వదలరని పిల్లలు తనకు 'మరోవైపు మాస్టారు' అని పేరు పెట్టారు. ఎన్నికల్లో నిలబడినప్పుడు ఎదుటి పార్టీవాళ్ళు ఆ పేరునే గోడల మీద రాయించారు. మాస్టారు దానికి నొచ్చుకోలేదు. అది చూసి పాత విద్యార్థులు మరో నాలుగు వందల మంది వచ్చి ఓటేశారని ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంటారు.

మేజా మీద కాలేజీ మొత్తానికీ ఉన్న ఒకే హాజరు పుస్తకం తెరిచి ఉంది. మాస్టారు జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, అప్పుడు గుర్తొచ్చి నవ్వుకున్నారు. ఇందులో తన పేరు లేదు. ఆరేళ్ళ కిందటే తీసేశారు. పేర్ల మీద వేలు జరుపుతూ కిందికి వచ్చారు. చివరి వరస మీద స్కేలుతో ఎర్రగీత కొట్టి ఉంది. జూన్ ఒకటో తారీఖు దగ్గర మొదలై సెప్టెంబరు చివరిదాకా, పేజీ తర్వాత పేజీ, అదే గీత. గీత కింద పేరు కనిపిస్తూనే ఉంది. ఆ అమ్మాయి పేరు.

అమ్మాయి అంటే ఇప్పుడు నలభై దాటింది. ఒకప్పుడు ముందు బెంచీలో కూర్చుని ఆయన చెప్పిన రెండు వైపుల్లోనూ తప్పులు పట్టేది. ఆయన దగ్గరే పరిశోధన చేసింది. పదకొండేళ్ళుగా ఇక్కడ కాంట్రాక్టు లెక్చరరు. ఆయన రాజకీయాల్లోకి వెళ్ళినప్పుడు ఆయన పేపర్లన్నీ ఆమె నెత్తినే పడ్డాయి.

"మానేసిందా?" అని అడిగారు మాస్టారు.

గంటాయన వరండా చివరి గదివైపు చెయ్యి చూపించాడు. అక్కడినుంచి ఆమె గొంతు వినిపిస్తోంది.

మాస్టారు వెళ్ళి ఆ గది బయట, లోపలివాళ్ళకు కనిపించకుండా, రెండు కిటికీల మధ్య గోడకు ఆనుకుని నిలబడ్డారు. పాఠం, ప్రభుత్వం ఎవరికి జవాబు చెప్పాలి అన్నది. తనైతే నిర్వచనంతో మొదలుపెట్టేవారు. ఆమె బస్సుతో మొదలుపెట్టింది. పొద్దున్న మీ బస్సు రాలేదు, ఎవర్ని అడుగుతారు? డ్రైవర్ని అన్నాడొకడు. డ్రైవరుకు బండే ఇవ్వలేదట, అంది ఆమె. డిపోలో అడుగుతామన్నారు. డిపోలో డీజిలు రాలేదన్నారు. ఇలా ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ, ప్రతి మెట్టు దగ్గరా ఒక పిల్లనో పిల్లాణ్ణో లేపి నిలబెడుతూ, అరగంటలో క్లాసు మొత్తాన్ని సచివాలయం దాకా తీసుకొచ్చింది. సుద్ద బోర్డు మీద టకటకమని ఆడుతోంది. లోపల నవ్వులు. ఎవరో కునుకు తీస్తుంటే వాణ్ణి బస్సు కండక్టర్ని చేసేసింది. మాస్టారికి ఒళ్ళు పులకరించింది. తన దగ్గర నేర్చుకోలేదు ఇది. తన తర్వాత నేర్చుకుంది.

క్లాసు వదిలాక ఆమె బయటికి వచ్చి ఆయన్ని చూసి ఆగిపోయింది. చేతులకున్న సుద్ద చీర కొంగుకు తుడుచుకుని నమస్కారం పెట్టింది. మీటింగు పదకొండింటికి కదా సార్, ఇంకా కుర్చీలు కూడా వేయలేదు అని కంగారుపడింది. ఆయన హాజరు పుస్తకం సంగతి ఎత్తారు. ఆమె అటువైపు చూడలేదు.

"అదేం లేదు సార్. రెన్యువల్ ఆర్డరు రావాలి. వస్తుంది."

"జూన్ నుంచా?"

"ఆలస్యమైంది. మీరు కాఫీ తాగుతారా సార్?" అంటూ ఆమె కుర్చీల పని చూడటానికి వెళ్ళిపోయింది.

మిగతాది గంటాయన చెప్పాడు. ఆర్డరు లేనివాళ్ళు పుస్తకంలో సంతకం పెట్టకూడదని ప్రిన్సిపాల్ స్వయంగా స్కేలు పెట్టి గీత గీశాడట. ఆయనకూ మనసొప్పలేదు, కానీ ఆడిటు వస్తే ఆయన మెడకే చుట్టుకుంటుంది. పొద్దున్న తొమ్మిదింటికి అందరూ ఈ మేజా దగ్గర సంతకాలు పెడతారు. ఆ టైముకు ఆమె అలమర దగ్గరికి వెళ్ళి సుద్దముక్కలు ఏరుకుంటుంది. అందరూ పెట్టి వెళ్ళేదాకా ఏరుతూనే ఉంటుంది. రోజుకు ఎన్ని సుద్దముక్కలు కావాలి సార్ ఒక మనిషికి, అన్నాడు గంటాయన.

మీటింగులో మాస్టారు బాగా మాట్లాడారు. పాత రోజులు చెప్పి నవ్వించారు. తొలి బ్యాచీలో పదకొండు మందికి ఏడే కుర్చీలుంటే వంతులు వేసుకుని కూర్చున్న సంగతి చెప్పారు. నెరిసిన జుట్టుతో వెనక వరసలో కూర్చున్న తొలి బ్యాచీవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అంతవరకూ బాగానే ఉంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని కూర్చోవాల్సిన మనిషి మళ్ళీ మైకు పట్టుకున్నారు. ఈ విభాగంలో ఒక అధ్యాపకురాలు నాలుగు నెలలుగా ఆర్డరు లేకుండా పాఠం చెబుతోంది, ఇలాంటివాళ్ళు మరెంతమంది ఉన్నారో, ఇవాళ కళ్ళారా చూశాను అన్నారు.

"ఆ ఫైలు ఎక్కడ ఆగిందో, ఎవరు ఆపారో మూడు రోజుల్లో తేలుస్తాను. ఆపినవాళ్ళు ఎంతటివాళ్ళయినా సరే, పేరుతో సహా పేపర్లకు చెబుతాను. ఇది మంత్రి మాట కాదు, ఈ కాలేజీలో పాఠం చెప్పిన మాస్టారి మాట."

హాలు దద్దరిల్లింది. ప్రిన్సిపాల్ కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. వేదిక పక్కన నిలబడ్డ కార్యదర్శి మాత్రం సెల్‌ఫోన్ తీసుకుని గబగబా బయటికి నడిచాడు. మాస్టారు ఆమె కోసం చూశారు. మూడో వరస చివర కూర్చుని ఉంది. చప్పట్లు కొట్టడం లేదు. ఒళ్ళో ఉన్న ఆహ్వాన పత్రాల అంచులు సరిచేస్తోంది, సరిగ్గానే ఉన్నవాటిని మళ్ళీ మళ్ళీ.

సిగ్గుపడుతోందనుకున్నారు మాస్టారు.

*

మర్నాడు శుక్రవారం. సచివాలయంలో మంత్రి గదికి ఏసీ చలి ఎక్కువ. మాస్టారు ఎప్పుడూ ఒక పాత కోటు కుర్చీ వీపుకు వేలాడదీసి ఉంచుతారు. ఆ రోజు అది వేసుకోవడం కూడా మరచిపోయి, వచ్చీ రాగానే ఫైలు తెమ్మన్నారు.

కార్యదర్శి టీ తెప్పించాడు. కొత్త కాలేజీ భవనాల శంకుస్థాపన సంగతి మాట్లాడాడు. పెద్దాయన, అంటే ముఖ్యమంత్రి, వచ్చే నెలలో మంత్రుల శాఖలు మారుస్తారని వినికిడి అన్నాడు. మాస్టారు మళ్ళీ ఫైలన్నారు. అప్పుడు బయటికి వెళ్ళి, రెండు చేతులా మోసుకొచ్చి మేజా మీద పెట్టాడు. జానెడు మందం ఉంది. నాలుగు తాళ్ళతో కట్టారు.

"ఎవరయ్యా ఆపింది?"

"చూడండి సార్," అని కార్యదర్శి నోటు షీట్లలో ముందుపేజీ తీసి, ఆయన ముందుకు జరిపి, తను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

మొత్తం రెండు వందల పన్నెండు మంది కాంట్రాక్టు అధ్యాపకులు, నలభై ఒక్క కాలేజీలు. మే నెలలో సెక్షను రెన్యువల్‌కు సిఫారసు చేసింది. కింది అధికారి ఒప్పుకున్నాడు, పై అధికారి ఒప్పుకున్నాడు. చివర 'మంత్రివర్యుల ఆమోదం కోసం' అని ఉంది. దాని పక్కన, మార్జిన్‌లో, సన్నగా పెన్సిలు రాత. చెరిగిపోకుండా దాని మీద ఎవరో పారదర్శకంగా ఉండే టేపు నీటుగా అంటించారు. టేపు కింద అక్షరాలు కొంచెం మెరుస్తున్నాయి.

'వీరిలో ఒక్కొక్కరూ క్లాసులో పాఠం ఎలా చెబుతారో తెలిస్తే బాగుండు.'

తన రాతే. మాస్టారికి జూన్‌లో ఆ రోజు కూడా జ్ఞాపకం వచ్చింది. ఎక్కడికో వెళ్తూ కారులో ఫైళ్ళు చూస్తున్నారు. రెండు వందల పన్నెండు పేర్ల జాబితా వచ్చింది. పేరు, సబ్జెక్టు, కాలేజీ, ఎన్నేళ్ళు. చదువుతుంటే మనసు ఎక్కడికో పోయింది. ఇన్ని గదుల్లో ఇంతమంది ఈపాటికి సుద్ద పట్టుకుని నిలబడి ఉంటారు కదా, ఒక్కొక్కరూ ఎలా చెబుతారో, ఎవరి బోర్డు ఎలా ఉంటుందో అనుకున్నారు. చేతిలో పెన్సిలుంది. ఇరవై ఆరేళ్ళు పరిశోధన అధ్యాయాల మార్జిన్లలో తోచింది తోచినట్టు రాసుకున్న చెయ్యి. రాసేసింది. ఆ తర్వాత సంతకం పెట్టాననే అనుకున్నారు. పెట్టలేదు. కారు ఆగి ఉంటుంది, ఎవరో తలుపు తీసి ఉంటారు.

తర్వాతి పేజీ సర్క్యులరు. 'గౌరవ మంత్రివర్యులు ప్రతి కాంట్రాక్టు అధ్యాపకుని బోధనా సామర్థ్యంపై సమగ్ర నివేదిక కోరియున్నందున, సదరు నివేదికలు అన్నియు అందునంతవరకు రెన్యువల్ ప్రక్రియ నిలిపివేయడమైనది.'

"నేను కోరడమేమిటయ్యా? బాగుండు అన్నాను."

"మంత్రిగారు బాగుండు అంటే తెమ్మనే సార్," అన్నాడు కార్యదర్శి, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

"పెన్సిలుతో రాశాను."

"దేనితో రాసినా అంతే సార్."

మాస్టారు కాసేపు టేపును గోటితో గీకుతూ కూర్చున్నారు. ఊడలేదు. నివేదికలు తిరగేశారు. ఆగస్టుకల్లా రెండు వందల పదకొండు వచ్చేశాయి. అన్నీ ఒకే మూసలో ఉన్నాయి. సబ్జెక్టు మీద పట్టుంది, సమయపాలన బాగుంది, క్రమశిక్షణ బాగుంది. ఇద్దరి పేర్ల దగ్గర మాత్రం గత నెల నుంచి రావడం లేదు, వేరే పని చూసుకున్నారని తెలిసింది అని ఉంది. ఆ రెండు పేర్లూ మాస్టారు రెండుసార్లు చదివారు. ఒక్క నివేదిక రాలేదు. ఆ ఒక్కదాని కోసం ఫైలు నెలన్నరగా బల్ల మీదే ఉంది. దాని బదులు చేత్తో రాసిన ఒక ఉత్తరం జతచేసి ఉంది. గుండ్రటి అక్షరాలు. తను ఎన్ని వందల పేజీలు దిద్దిన అక్షరాలు అవి!

విభాగంలో పర్మనెంటు ఉద్యోగులు లేనందున ఇన్‌ఛార్జిగా నా గురించి నివేదిక నన్నే రాయమన్నారు, నా బోధన గురించి నేను రాసే మాటకు విలువ ఉండదు, ఎవర్నయినా పంపి నా క్లాసు వినమని మనవి అని జూలైలో రాసింది ఆమె. సర్క్యులరు నకలు కూడా దానికే గుచ్చి ఉంది. 'గౌరవ మంత్రివర్యులు' అన్నచోట ఏ గీతా లేదు, ఏ గుర్తూ లేదు. కానీ చదివింది. జూలైలోనే చదివింది. నిన్న మూడో వరసలో కూర్చుని తన మాటలన్నీ విన్నప్పుడు ఆమెకు తెలుసు.

మాస్టారి చెవులు వేడెక్కాయి. కోటు వేసుకోలేదన్న సంగతి కూడా తెలియడం లేదు.

కార్యదర్శి అప్పుడు దగ్గరికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మామూలుగా ఆయన ముందు కూర్చోడు. కంగారుపడేదేం లేదు సార్, దారులున్నాయి అన్నాడు. మీరు నిన్న ఆవిడ క్లాసు విన్నారు కాబట్టి ఆ రెండు వందల పన్నెండో నివేదిక మీరే రాసేయండి. లెక్క పూర్తవుతుంది. 'చూశాను, ఆమోదించాను' అని సంతకం పెడితే సోమవారం ఆర్డరు వెళ్ళిపోతుంది. ఎవరు ఆపారన్న ప్రశ్నే రాదు.

మాస్టారికి ఆ మాట నచ్చింది. తెల్లకాగితం తీసుకున్నారు. బస్సు, డిపో, డీజిలు, కునుకుతీస్తున్న కండక్టరు, అన్నీ రాశారు. పేజీ నిండింది, వెనక్కి తిప్పారు. మూడేళ్ళలో ఇంత ఇష్టంగా ఆయన ఏమీ రాయలేదు. చివర తారీఖు వేయబోతూ ఆగారు.

"ఆర్డరు ఏ తారీఖు నుంచి అమల్లోకి వస్తుంది?"

"సంతకం పెట్టిన తారీఖు నుంచి సార్."

"మరి జూన్ నుంచి ఇప్పటిదాకా?"

కార్యదర్శి టీ కప్పు పక్కకు జరిపాడు. జవాబు మాస్టారికే తెలుసు. పదేళ్ళు తెగకుండా పనిచేసినవాళ్ళను పర్మనెంటు చేసే సంగతి పరిశీలిస్తామని రెండేళ్ళ కిందట శాసనసభలో చెప్పింది మాస్టారే. ఆ మాట చెప్పినప్పుడు ఆయన కళ్ళముందు ఉన్నది ఈ అమ్మాయే. నాలుగు నెలల ఖాళీ పడితే ఆమె పదకొండేళ్ళూ తెగిపోతాయి. మళ్ళీ మొదటి ఏడాది నుంచి లెక్క. ఆమెకే కాదు, అందరికీ.

జూన్ నుంచి ఇవ్వాలంటే జాప్యానికి బాధ్యులెవరో ఫైలు మీద తేలాలి సార్, లేకపోతే ఆర్థిక శాఖ ఒప్పుకోదు అన్నాడు కార్యదర్శి. చెప్పి, తన డైరీలోంచి ఒక కాగితం తీసి మేజా మీద పెట్టాడు. సర్క్యులరు తయారుచేసిన సెక్షను గుమాస్తా రాసిచ్చిన క్షమాపణ. మంత్రివర్యుల అభిప్రాయాన్ని నేను అత్యుత్సాహంతో తప్పుగా అర్థం చేసుకుని, పై అధికారులను తప్పుదోవ పట్టించితిని. కింద సంతకం. నిన్నటి తారీఖు.

"నిన్న ఎప్పుడు రాశాడు ఇది?"

"మీరు వేదిక దిగేలోపే సార్. మీరు పేరు చెబుతానన్నారు కదా," అన్నాడు కార్యదర్శి. అతని గొంతులో మోసం లేదు. వాన వస్తుంటే గొడుగు తెచ్చిన మనిషి గొంతులా ఉంది.

గుమాస్తాను పిలిపించారు. అతను బయటే ఉన్నాడు. పొద్దుటి నుంచీ ఉన్నాడట. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. భోజనం సంచి చేతిలోనే ఉంది, ఎక్కడ పెట్టాలో తెలియక. మాస్టారు కూర్చోమన్నారు. కూర్చోలేదు. ఈ కాగితంలో రాసింది నిజమేనా అని అడిగారు. అతను కార్యదర్శి వంక చూశాడు.

"ఆయన్ని చూడకండి. నాతో చెప్పండి."

"పెన్సిలుతో ఉంది కదా, వదిలేద్దామా అని ఒకరోజంతా అనుకున్నాం సార్," అన్నాడు గుమాస్తా నెమ్మదిగా. "వేరే మంత్రయితే వదిలేసేవాళ్ళమే. మీరు ప్రొఫెసరు. ఆలోచించకుండా రాయరనుకున్నాం."

మాస్టారు తల దించుకున్నారు. ఆ కాగితాన్ని మడిచి అతని చేతిలోనే పెట్టి, ఇంటికి తీసుకెళ్ళి చింపేయండి అన్నారు. ఫైలు మాత్రం కట్టించి కారులో పెట్టించారు.

*

శనివారం పొద్దున్న భార్య కూరగాయలు తరుగుతుంటే మాస్టారు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని జరిగిందంతా చెప్పారు. ఆవిడ ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మధ్యలో ఆపకుండా విన్నది.

"ఇన్నాళ్ళూ మీకు బెంగ లేదనుకున్నాను," అంది చివరికి.

"దేని మీద?"

"క్లాసు మీద. ఇంటికొచ్చి ఒక్కరోజూ అనలేదు. పోనీ నాతో చెప్పుకుంటే పోయేది కదండీ. వింటూ కూర్చునేదాన్ని. పోయిపోయి ఫైలుతో చెప్పుకున్నారు."

ఆయన నవ్వబోయారు. రాలేదు. ఒప్పుకుంటూ రాస్తే ప్రతిపక్షం ఊరుకోదు, పెద్దాయన ముందే శాఖలు మార్చే ఆలోచనలో ఉన్నాడు, పైగా మూడు రోజుల్లో పేరు చెబుతానని ఊరంతా వినేలా అన్నాను అన్నారు. పదవిలో ఉంటే ఇంకో రెండేళ్ళలో ఆ అమ్మాయిలాంటివాళ్ళను పర్మనెంటు చేసే పని పూర్తి చేయొచ్చు, మరోవైపు...

ఆవిడ కత్తిపీట మీంచి లేచి, ముక్కలు గిన్నెలో వేసి, మీకు కాగితం కావాలా పెన్ను కావాలా అని అడిగింది. ఆయన లేచి ముందుగదిలోకి వెళ్ళారు.

నోటు షీటులో ఆఖరి పేరా కింద ఇంకా అరపేజీ ఖాళీ ఉంది. ఇంకు పెన్ను తీశారు. రాసి కొట్టేయడం ఫైలు మీద కుదరదు. అందుకని ముందు వేరే కాగితం మీద రాసుకున్నారు. మొదటిసారి రాసింది ఒకటిన్నర పేజీ వచ్చింది. అందులో విద్యావిధానం ఉంది, బోధన విలువ ఉంది, తన ఉద్దేశం మంచిదన్న సంగతి మూడుచోట్ల ఉంది. చదువుకుంటే ఫెయిలవుతానని తెలిసీ అదనపు కాగితాలు అడిగే విద్యార్థి జవాబులా కనిపించింది. కొట్టేశారు. రెండోసారి అరపేజీ. అందులో ఉద్దేశం ఒక్కచోటే ఉంది. అదీ కొట్టేశారు. మూడోసారి రాసింది ఫైలు మీదికి ఎక్కించారు.

'జూన్‌లో ఈ ఫైలుపై నేను రాసిన వ్యాఖ్య అనవసరమైనది. దానివల్లనే రెన్యువల్ నాలుగు నెలలు ఆగింది. జాప్యానికి బాధ్యుడిని నేను. సెక్షను సిబ్బంది తప్పు లేదు. మొత్తం రెండు వందల పన్నెండు మందికి జూన్ ఒకటి నుంచి రెన్యువల్ అమలు చేయాలి. వదిలి వెళ్ళిన ఇద్దరికీ తిరిగి చేరే అవకాశం ఇస్తూ స్వయంగా కబురు పంపాలి.'

సంతకం పెట్టారు. అంతకుముందు రోజు ఇష్టంగా రాసుకున్న ఆ రెండు వందల పన్నెండో నివేదికను ఫైల్లో పెట్టలేదు. సొరుగులో పడేశారు.

కార్యదర్శి పదింటికి వచ్చాడు. నిలబడే చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. అతను వాదిస్తాడని మాస్టారు మాటలు సిద్ధం చేసుకున్నారు. అతను వాదించలేదు. వేలితో ఒకచోట చూపించి, ఇక్కడ 'పూర్వ సర్వీసు కొనసాగింపుతో' అన్న ముక్క చేర్చండి సార్, అది లేకపోతే ఆర్థిక శాఖవాళ్ళు మళ్ళీ కొర్రీ వేస్తారు అన్నాడు. చేర్చారు. పక్కన పొట్టి సంతకం ఎక్కడ పెట్టాలో కూడా చూపించాడు. ఫైలు చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, ఏదో అనబోయి, వస్తాను సార్ అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మాస్టారు విలేకర్లను పిలిచి పేరు చెప్పారు.

*

ఆదివారం పేపర్లన్నింట్లోనూ వచ్చింది. సోమవారం పొద్దుటికల్లా మాస్టారికి అర్థమైన విషయం ఒకటే. ఎవరూ నమ్మలేదు.

ఒక పేపరు, కింది ఉద్యోగి తప్పును తన నెత్తిన వేసుకున్న పెద్దమనసు అని రాసింది. ఇంకొకటి, ఆర్థిక శాఖను ఇరుకున పెట్టడానికి వేసిన ఎత్తు అని రాసింది. ప్రతిపక్ష నాయకుడు ఇదంతా నాటకమన్నాడు. సొంత పార్టీ వాళ్ళు కూడా అదే మాట, కాకపోతే మెచ్చుకుంటూ అన్నారు. తొమ్మిదింటికి పెద్దాయన స్వయంగా ఫోన్ చేశాడు. శాఖ పోతుందనుకుని మాస్టారు లేచి నిలబడి ఫోన్ తీసుకున్నారు.

"మీకు రాజకీయం రాదనేవాళ్ళకు చెప్పాను ప్రొఫెసర్ గారూ, చూసి నేర్చుకోండ్రా అని," అన్నాడు పెద్దాయన. హాయిగా నవ్వాడు. శాఖ మార్చే ఆలోచన లేదన్నాడు.

నిజంగానే నా తప్పండీ, అన్నారు మాస్టారు. అదే, అదే, అలాగే అంటూ ఉండండి, అన్నాడు పెద్దాయన.

ఫోన్ పెట్టేశాక మాస్టారు మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. మంత్రి పదవి పోతుందేమోనని భయపడ్డ రెండు రోజులు ఇంతకంటే తేలికగా ఉన్నట్టనిపించాయి. ఇరవై ఆరేళ్ళు ఆయన ఒక మాట అంటే అరవై మంది పిల్లలు అది తప్పో ఒప్పో తేల్చేవాళ్ళు. ముఖం మీదే తేల్చేవాళ్ళు. ఇప్పుడు తప్పు చేశానని సంతకం పెట్టి చెప్పినా పుచ్చుకునేవాడు లేడు.

పదకొండు గంటలకు ఆమె ఫోన్ చేసింది. ఇదివరకెప్పుడూ చేయలేదు. నంబరు గంటాయన దగ్గర తీసుకున్నానని చెప్పి, ఆర్డరు వచ్చింది సార్, జూన్ ఒకటి నుంచి, అంది. మాస్టారు సంతోషమన్నారు. జూలై నుంచీ నీకు తెలుసు కదా, ఒక్క ముక్క రాయకపోయావా నాకు అని అడిగారు. మీకు రాస్తే సిఫారసు అవుతుంది కదా సార్, మిగతావాళ్ళకు మీతో పరిచయం లేదు, అంది ఆమె. ఫోన్‌లో వరండా రొద వినిపిస్తోంది, చెప్పుల చప్పుడు, ఎవరో ఎవర్నో పిలవడం.

"సార్, ఒకటి చెప్పనా?" అంది ఆమె. "పొద్దున్న క్లాసులో పిల్లలు పేపరు పట్టుకొచ్చారు. మంత్రిగారు నిజంగానే తప్పు చేశారా మేడమ్, లేకపోతే రాజకీయమా అని అడిగారు."

మాస్టారు ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నారు.

"నువ్వేం చెప్పావు?"

"నిజంగానే చేశారని చెప్పాను సార్. సర్క్యులరు బోర్డు మీద రాసి, ఎక్కడ ఎలా తప్పు జరిగిందో వరసగా చూపించాను. గంటసేపు పట్టింది."

మాస్టారు కుర్చీలో ముందుకు జరిగారు.

"నమ్మారా?"

"సగం మంది. మిగతావాళ్ళు రేపటికి వాదన రాసుకొస్తామన్నారు." ఆమె గొంతు వెనక రొద సద్దుమణుగుతోంది. "క్లాసుకు టైమైంది సార్, ఉంటాను."

ఆయన ఏదో అనబోయేలోపే ఫోన్ పెట్టేసింది. మూడేళ్ళలో ఆయన కంటే ముందు ఫోన్ పెట్టేసినవాళ్ళు ఎవరూ లేరు. మాస్టారు చేతిలో ఫోన్‌ను చూసుకుంటూ, గది అంతా ఖాళీగా ఉన్నా, ఎవరో పక్కన కూర్చున్నట్టు నవ్వారు.